పదకొండు రోజుల ఖిబ్లా

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కర్నూల్లో మా అమ్మ "కాలికి బలపం కట్టుకుని పుట్టినావే నువ్వు" అని విసుక్కునేది. హైదరాబాదు రాయదుర్గంలో ఆర్కిటెక్టుల ఆఫీసులో చేరాక ఆ తిరుగుడుకు ఒక గౌరవమైన పేరు దొరికింది, సైటు చూడడం. మేం గీసిన భవనంలోనే తొమ్మిదో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. గంటకోసారి ఏదో వంకతో కిందికి దిగి, ఒక చుట్టు చుట్టి, టీ తాగి పైకి వచ్చేదాన్ని. ఇన్నేళ్ళలో తిరిగి తిరిగి అలసిపోయానని నేనెప్పుడూ అనుకోలేదు. కొన్నేళ్ళ కిందట, ఉగాదికి అటూ ఇటూగా, ఒక పదకొండు రోజులు మాత్రం అలసిపోయాను. ఆ రోజుల్లో నేను తిరిగింది పని కోసం కాదు, ఒక ముసలాయన ఎదురుపడకుండా ఉండడం కోసం.

ముందు ఆ భవనం సంగతి చెప్పాలి. రాళ్ళ గుట్ట పక్కన, వాలు మీద, రోడ్డుకు ఏటవాలుగా ఉన్న స్థలం అది. దిక్కులకు ముప్పై డిగ్రీలు మెలిక తిరిగి ఉంటుంది. వాస్తులో అలాంటిదాన్ని విదిక్కు స్థలం అంటారు. విదిక్కు అన్న మాట వింటే కొనేవాడు కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతాడు. అందుకని మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. కాగితం మీద భవనాన్ని నిటారుగా గీసి, ఉత్తరం బాణాన్ని కూడా దానితోపాటు నిటారుగా పెట్టేస్తాం. దాన్ని మాలో మేం "వాస్తు ఉత్తరం" అని నవ్వుకుంటాం. అసలు ఉత్తరం ఎటుందో మాకు తెలుసు, గుట్టకు తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. దానివల్ల భవనానికి వచ్చే నష్టమేమీ లేదు, తలుపులు తెరుచుకుంటాయి, లిఫ్టులు పైకే పోతాయి.

ఆ బాణాన్ని తిప్పింది నేనే. భవనం ఓనరు కడప జిల్లా ఆయన, పెద్దమనిషి. నేను కర్నూలు దాన్నని తెలిసినప్పటినుంచీ నన్ను సొంత మనిషిలా చూసేవాడు. మొదటి డ్రాయింగు చూపించిన రోజు ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బాణం వంకరగా ఉండాది పాపా, సరిజెయ్యి" అన్నాడు. సరిచేశాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వందల కాగితాలు ఆ బాణంతోనే అచ్చయ్యాయి. ఎన్నోసారి చూశాకో గుర్తులేదు, నేనూ దాన్ని ఉత్తరం అనే నమ్మడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం ఓనరు కారు కోసం బేస్‌మెంటుకు దిగి, అక్కడ కార్ల మధ్య సందులో క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్ళు నమాజు చేయడం చూశాడు. ఒకతని నుదురు కారు టైరుకు జానెడు దూరంలో ఉందట. సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"రెండో అంతస్తులో మూలగది ఊరికే పడుండాది గదా పాపా. అది వాళ్ళకిచ్చేద్దాం. ఏదో గోడ కట్టి వదిలేసేది కాదు, మసీదులో ఉన్నట్టు పద్ధతిగా చెయ్యి. రంజానుకు తెరుద్దాం."

ఆ రోజు నేను మెట్రో ఎక్కకుండా ఒక స్టేషను దూరం నడిచాను, అంత సంబరం నాకు. చదువుకునే రోజుల్లో ఆదివారం తెల్లారితే స్కెచ్ పుస్తకం పట్టుకుని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర వాలిపోయేదాన్ని. మా ఇంట్లో దేవుడంటే బొమ్మ, పసుపు, కుంకుమ, కర్పూరం. అక్కడ చూస్తే దేవుడికి బొమ్మ లేదు. ఒక వృత్తం గీసి, దాన్ని ఎనిమిది భాగాలు చేసి, గీతను గీతతో కలుపుకుంటూ పోతే ఒక నక్షత్రం పుడుతుంది, దాని పక్కన ఇంకోటి, అంచు వచ్చేదాకా. అంచు దగ్గర కూడా అది ముగిసినట్టుండదు, గోడ అయిపోయింది కాబట్టి ఆగినట్టుంటుంది. నాలాంటి నిలకడలేని మనిషికి ఆ గోడల ముందు ఎందుకో కాళ్ళు నిలిచేవి. అయినా ఉద్యోగంలో చేరాక నేను గీసినవన్నీ గాజు గోడలు, మీటింగు రూములు, కాఫీ మూలలే.

ప్రార్థన గదిలో ముఖ్యమైనది ఖిబ్లా, అంటే మక్కాలోని కాబా ఉన్న దిక్కు. ఆ దిక్కున ఉన్న గోడలో ఒక గూడు చేస్తారు, దాన్ని మిహ్రాబు అంటారు. గూట్లో ఏమీ పెట్టరు. ఎటు నిలబడాలో చెప్పడమే దాని పని. మన దేశంలో ఖిబ్లా అంటే పడమర అని చాలామంది అనుకుంటారు. హైదరాబాదు నుంచి అది సరిగ్గా పడమర కాదు, పన్నెండు పదమూడు డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసునన్న గర్వంతో నేను నేల మీద నిలబడలేకపోయాను. గది గోడకు సమాంతరంగా పెట్టకుండా, ఆ పన్నెండు డిగ్రీలు లెక్కగట్టి, లోపల ఇంకో గోడను కొంచెం వంచి లేపించాను. నడిమధ్య మిహ్రాబు, దానికి రెండు పక్కలా వెలుతురు దూరే నక్షత్రాల జాలీలు. ఆఫీసులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ పన్నెండు డిగ్రీల కథ చెప్పాను. ఏ పడమర నుంచి పన్నెండు డిగ్రీలు అని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

గచ్చుపని, అంటే సున్నంతో నగిషీలు తీర్చే పని, చేయడానికి ఒక ఉస్తాద్ దొరికాడు. గోల్కొండ కోట దగ్గరి బస్తీలో ఉండే మనిషి, డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. సున్నానికి ఒరిసి ఒరిసి వేళ్ళ కొసలు తెల్లబడి, నున్నగా అయిపోయాయి. రెండు బస్సులు మారి వచ్చేవాడు. సున్నాన్ని తొట్టిలో నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి రోజూ కలియబెడుతుంటే సెక్యూరిటీ వాళ్ళు ముక్కులెగరేసి, "పాయసం అయిందా చాచా" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. పనిలోకి దిగేముందు ప్రతిరోజూ వజూ చేసుకుని, అంటే చేతులూ మొహమూ కాళ్ళూ శుభ్రంగా కడుక్కుని, అప్పుడు తాపీ పట్టుకునేవాడు.

మొదటిరోజు నన్ను ఒకటే అడిగాడు. "ఖిబ్లా ఎటమ్మా?"

నేను డ్రాయింగు పరిచి, పెన్సిలుతో చూపించి, పన్నెండు డిగ్రీల పురాణం మొత్తం విప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"కంప్యూటర్‌ల చూసి పెట్టినవంటే ఇగ ఫికర్ లేదు," అని బిస్మిల్లా అనుకుని గోడమీద మొదటి గుర్తు పెట్టాడు.

ఒకరోజు టీ తాగుతూ ఆయన చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "జిందగీ మొత్తం కమానులే చేసిన అమ్మా. ఫంక్షన్ హాళ్ళల్ల చేసిన, హోటళ్ళల్ల చేసిన, పాత గుంబజులకు మరమ్మతు చేసిన. ఒక్కదాని ముందల గూడ మనిషి సజ్దా చెయ్యలే. ఇదొక్కటే. ఇదే ఆఖరుది గూడ. చేతులు వణుకుతున్నయి. రంజాన్ అయినంక బీదర్‌ల నా బిడ్డ దగ్గరికి పోత. నేను పోయినంక గూడ ఎవడో ఒకడు దీని ముందల నిలబడ్తడు గదా, గా సవాబ్ నాకు నడుస్తనే ఉంటది."

సజ్దా అంటే నుదురు నేలకు ఆనించి మొక్కడం, సవాబ్ అంటే పుణ్యం. మనిషి పోయాక కూడా ఆగకుండా చేరే పుణ్యం ఒకటి ఉంటుందని, బావి తవ్వించినవాడికీ చెట్టు నాటినవాడికీ అది దక్కుతుందని వాళ్ళ నమ్మకం. ఉస్తాద్ తన వంతుకు ఆ గూడును ఎంచుకున్నాడు.

గోడ లేవగానే డ్రైవర్లూ సెక్యూరిటీ వాళ్ళూ బేస్‌మెంటు వదిలేసి, చాపలు చంకన పెట్టుకుని పైకి రావడం మొదలుపెట్టారు. పని సగంలో ఉండగానే, ఉస్తాద్ నిచ్చెన పక్కకు జరిపితే, ఆ గూటికి ఎదురుగా నిలబడి మధ్యాహ్నం, సాయంత్రం నమాజు చేసేవారు. ఉస్తాద్ కూడా వాళ్ళతో నిలబడేవాడు. అద్దాల తలుపు బయటినుంచి చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చేవి. నేను గీసిన గీతకు ఎదురుగా మనుషులు వంగుతున్నారని పొంగిపోయాను.

ఉగాదికి పది రోజుల ముందు, ఆ గోడ వెనక ఉన్న భవనం గాజు అద్దాలకు అంటించిన కాగితాలు ఊడదీశారు. అన్నాళ్ళూ ఆ గదిలో ట్యూబులైటు వెలుతురే. సాయంత్రం జాలీల్లోంచి ఎండ మొదటిసారి లోపలికి పడుతుందని, నక్షత్రాల నీడలు ఫోటో తీసుకుందామని ఫోను పట్టుకుని పరిగెత్తాను. నీడలు పడ్డాయి. చాలా అందంగా పడ్డాయి. రెండు ఫోటోలు తీశాక నా చెయ్యి ఆగింది.

ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరనే దిగుతాడు. మిహ్రాబును నేను పడమర నుంచి కుడివైపుకు, అంటే ఉత్తరానికి వంచాను. కాబట్టి గూటికి ఎదురుగా నిలబడితే దిగే సూర్యుడు నా ఎడమచేతి వైపు ఉండాలి. కుడిచేతి వైపు ఉన్నాడు. నేను ఇంకోసారి నిలబడి చూశాను. చేతులు చాచి మరీ చూశాను. సూర్యుడు కుడివైపే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నేను తిప్పిన బాణం. ఆ గోడ మక్కాకు ముప్పై డిగ్రీలు పక్కకు నిలబడి ఉంది.

మూలన తాపీలు కడుగుతున్న ఉస్తాద్ తలెత్తాడు. "నీడ మంచిగ పడ్డది గదా అమ్మా?"

"బాగా పడింది ఉస్తాద్," అన్నాను. ఫోను బ్యాగులో పడేసుకుని బయటికి వచ్చేశాను. ఆ ఒక్క జవాబుకు నేను పదకొండు రోజులు తిరిగాను.

మర్నాడు పొద్దున్నే బేస్‌మెంటుకు దిగాను. వాళ్ళు ఇదివరకు నమాజు చేసిన చోట ఒక స్తంభానికి ఆకుపచ్చ రంగుతో చిన్న బాణం వేసి ఉంది. ఎన్నిసార్లు దాని పక్కనుంచి నడిచానో, పార్కింగు గుర్తు అనుకున్నాను. ఇనుప చువ్వల మధ్య ఫోనులో దిక్సూచి పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది కాబట్టి, బయట రోడ్డుమీద దిక్కు చూసుకుని, ర్యాంపు మలుపులు లెక్కపెట్టుకుంటూ మళ్ళీ లోపలికి వచ్చాను. ఆకుపచ్చ బాణం సరిగ్గా ఉంది. మా డ్రాయింగులన్నిటికంటే అదే సరిగ్గా ఉంది.

అక్కడ కారు తుడుస్తున్న డ్రైవరును, ఈ బాణం ఎవరు వేశారని అడిగాను.

"మేమే మేడం. బయట ఎండల నిలబడి చూసి, నడుచుకుంట వచ్చి వేసినం. అందాజగ."

"పైన గది దిక్కు, ఇదీ ఒకటి కాదు కదా. మీకు అనుమానం రాలేదా?"

"ఒకలిద్దరు అన్నరు మేడం. మీరు కంప్యూటర్‌ల చూసి పెట్టింది గదా, మాదే తప్పు ఉంటదని ఊకున్నం."

తప్పు ఉంటే మాదే అయివుంటుందని అంత తేలిగ్గా అన్నాడు. నాకు అతనిమీద కోపం వచ్చింది. మీరెందుకు అడగలేదు, నన్నెందుకు నిలదీయలేదు అని అరవాలనిపించింది. నా కోపం ఎప్పుడూ అంతే, తప్పు నాదైనప్పుడు ఎదుటివాడిమీద లేస్తుంది.

తర్వాత నాలుగు రోజులు నేను కాలుగాలిన పిల్లినే. శేరిలింగంపల్లి మునిసిపల్ ఆఫీసులో ఎవరూ అడగని ఫైలు కోసం వెళ్ళి కూర్చున్నాను. మదీనాగూడ ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మెట్రోలో దిగాల్సిన స్టేషను దాటి వెళ్ళి, వెనక్కి వచ్చే రైలు కోసం ఎదురుచూడలేక ఆటో ఎక్కాను. ఖాళీ దొరికితే చదివాను. తొలి రోజుల మసీదులు అన్నీ ఒకే లెక్కన కట్టలేదట. నక్షత్రం పొడిచే చోటును బట్టి కొందరు, గాలి వీచే వైపును బట్టి కొందరు, వలస వచ్చిన పెద్దలు ఎటు నిలబడ్డారో గుర్తుపెట్టుకుని కొందరు కట్టారు. తర్వాతి గణిత పండితులు పట్టికలు వేసి చూస్తే కొన్ని గోడలు బాగా పక్కకు ఉన్నాయి. అయినా వాటిని కూలగొట్టలేదు. దూరాన ఉన్నవాడు ఆ వైపుకు ఉంటే చాలని, కొంత అటూఇటూ అయినా నమాజు చెల్లుతుందని చెప్పిన పండితులు చాలామంది ఉన్నారు. నా ముప్పై డిగ్రీలు దూరిపోయేంత సందు ఆ పుస్తకాల్లో దొరికింది. ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

వాటిలోనే ఒకదాంట్లో ఇంకో పేజీ ఉంది. మొదట్లో ముస్లిములు జెరూసలేము వైపు తిరిగి నమాజు చేసేవారు. మదీనాలో ఉండగా, ఇకమీదట కాబా వైపు తిరగమని ఆజ్ఞ వచ్చింది. ఆ కబురు ఒకచోటికి చేరేసరికి అక్కడి జనం నమాజు మధ్యలో ఉన్నారట. కబురు విన్నవాళ్ళు విన్నట్టే, ఉన్నచోటనే, మొత్తం వరుసలు తిప్పుకున్నారట. తిరిగిన వాళ్ళకంటే ఆ కబురు తెచ్చిన మనిషి నన్ను ఎక్కువ కలవరపెట్టాడు. పూర్తయ్యాక చెబుదాంలే అని అతను వాకిట్లో ఆగలేదు. తిన్న అన్నం నాకు అరగలేదు.

అయిదో రోజు ఓనరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు బల్లమీద వేళ్ళతో తాళం వేశాడు.

"బాణం తిప్పింది నువ్వే గదా పాపా."

"మీరు చెప్తే తిప్పినా."

"నేను కాదంటాన్నానా. వచ్చే వారం ఒకాయన రెండు ఫ్లోర్లు చూడనీకి వస్తాన్నాడు, సిద్ధాంతిని ఎంటబెట్టుకోని. గోడ ఎందుకు పగలగొడతాన్నారంటే ఏం చెప్పాల? విదిక్కు అని మనమే చాటుకోవాల్నా? దేవుడు యాడ లేడు చెప్పు. ఎటు మొక్కినా మొక్కే."

నాకు ఒళ్ళు మండింది. "దేవుడు అన్ని పక్కలా ఉంటే మీ ఇంట్లో వంటిల్లు ఆగ్నేయానికి ఎందుకు మార్పించుకున్నారు సార్?"

ఆయన తాళం ఆపాడు. నన్ను బయటికి పొమ్మంటాడనుకున్నాను. కిటికీలోంచి గుట్టవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆ ముసలాయనకు చెప్పు," అన్నాడు చివరికి. "ఆయన పగలగొట్టమంటే పగలగొడదాం. వచ్చినాయనకు నేను ఏదో ఒకటి చెప్పుకుంటా. ఆయన పోనీలే అంటే నువ్వూ ఊరుకో."

అంటే అడ్డం తీసేశాడు. ఇక నాకు సాకుగా చెప్పుకోవడానికి ఓనరు లేడు, ఉద్యోగం లేదు, సిద్ధాంతి లేడు. మిగిలింది నేనూ, నా నాలుకా. ఓనరు కాదన్నా బాగుండేదని నాకు అనిపించింది, ఆ అనిపించడం నాకే అసహ్యంగా తోచింది.

మళ్ళీ ఆరు రోజులు. రోజూ చెప్పాలనే రెండో అంతస్తుకు దిగేదాన్ని. ఒకరోజు ఆయన కమాను అంచుకు తామర మొగ్గలు తీరుస్తున్నాడు, ఈ మొగ్గ అయ్యాక చెబుదామనుకున్నాను. ఒక మొగ్గ ఆరేలోపు ఇంకో మొగ్గ. ఇంకోరోజు వేలు వణికి గీత తప్పితే ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని మళ్ళీ తీర్చాడు. అది చూశాక ఎలా చెప్పను? మరోరోజు నమాజు వేళకు వెళ్ళాను. ఇరవైమంది నా తప్పుకు ఎదురుగా మోకాళ్ళమీద ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి, వాళ్ళు సలాము చెప్పి లేవకముందే మెట్లెక్కి తొమ్మిదో అంతస్తుకు పారిపోయాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేదు.

రంజాను నెలవంక కనిపిస్తుందన్న రోజు మధ్యాహ్నం ఉస్తాదే నాకు కబురు పంపాడు. వెళ్ళేసరికి నిచ్చెన తీసేసి ఉంది. నేల కడిగి ఉంది. ఆయన నున్నటి గులకరాయితో గూడు లోపలి వంపును ఆఖరుసారి రుద్దుతున్నాడు. పెరుగు మీద మీగడలా మెరుస్తోంది గచ్చు. మొగ్గలు, ఆకులు, వాటి మధ్య నేను గీసిచ్చిన ఎనిమిది కోణాల నక్షత్రం. నేను గీసినదానికంటే చాలా బాగుంది. చేతులు తుడుచుకుని వెనక్కి జరిగాడు.

"చూడు అమ్మా. రేపటి సంది రోజా ఉపాసాలు. మధ్యాహ్నం జొహర్ నమాజ్‌కు నేనే ముందల నిలబడ్త అన్న, అందరు సరేనన్నరు." నావైపు తిరిగి, మొహమాటంగా నవ్వాడు. "నీకు గూడ సవాబ్ వస్తది. దిక్కు చూపెట్టింది నువ్వే గదా."

ఇక నావల్ల కాలేదు.

"దిక్కు తప్పు ఉస్తాద్," అన్నాను. "నేను తప్పు చూపించాను. ఖిబ్లా ఈ గోడ కాదు."

ఆయనకు మొదట అర్థం కాలేదు. నేను నేలమీద సుద్దతో అసలు ఖిబ్లా వైపు గీత గీసి చెప్పాను. స్థలం మెలిక, కాగితం మీది బాణం, ఓనరు, నేను, అన్నీ చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే ఏడుస్తానని. ఆయన గది బయటి టెర్రసు అంచుకు వెళ్ళాడు. వాలుతున్న ఎండను, తన నీడను, గుట్టను చాలాసేపు చూసి లోపలికి వచ్చాడు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"పదకొండు రోజుల నుంచి."

ఆయన తల ఊపాడు. పనిముట్ల సంచిలోంచి సుత్తి తీశాడు.

"వద్దు," అన్నాను. "గూడు అలంకారంగా ఉండనివ్వండి. నేలమీద సరైన గీతలు వేయిస్తాను. అందరికీ నేనే చెప్తాను. ఇదేమీ నమాజు చెల్లనంత తప్పు కాదని చెప్పిన పండితులు కూడా ఉన్నారు."

"ఉంటరు. గూడు ఉన్నంక మనిషి గూడు దిక్కే నిలబడ్తడు అమ్మా. నువ్వు చెప్పినా గూడ, నువ్వు పోయినంక వచ్చెటోడు గిటే నిలబడ్తడు."

"పోనీ సరైన గోడకు ఇంకోటి చేద్దాం. ఎన్ని రోజులైనా ఫరవాలేదు."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "ఇంకోటి చేసే చేతులు కావు ఇవి."

మొదటి దెబ్బ పడింది. పూర్తిగా ఆరని గచ్చు పెద్దగా చప్పుడు కూడా చెయ్యదు. మొగ్గలు ఒక్కొక్కటీ నేలమీద పడ్డాయి. నాకు సుత్తి ఇమ్మని చెయ్యి చాచాను, ఇవ్వలేదు. తానే పైనుంచి కిందిదాకా, ఎక్కడా ఆత్రం లేకుండా, కట్టిన వరుసలోనే కొట్టుకుంటూ వచ్చాడు. నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. ఆయన ఏడవలేదు.

"నన్ను క్షమించండి ఉస్తాద్," అన్నాను. "మీ చేత, వాళ్ళందరి చేత పదకొండు రోజులు తప్పు దిక్కుకు నమాజు చేయించాను."

ఆయన సుత్తి ఆపి, నుదుటిమీది సున్నం తుడుచుకున్నాడు.

"మాకేం కాలేదు. మేం తెల్వక నిలబడ్డం, గా సంగతి అల్లా చూసుకుంటడు. తెలిసి తప్పు దిక్కుకు నిలబడ్డది నువ్వొక్కదానివే అమ్మా."

ఆ మాటలో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆయన నన్ను చూసిన చూపులో జాలి తప్ప ఏమీ లేదు. గూడు ఉన్నచోట ఇటుకలు బయటపడ్డాక, ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి వజూ చేసుకుని వచ్చాడు. నేను సుద్దతో గీసిన గీత పక్కన చాప పరుచుకుని, దాన్ని ఒకటికి రెండుసార్లు సర్ది, నావైపు తిరిగాడు. నలభై రోజులు కలిసి పనిచేసినా ఆయనకు నా పేరు తెలియదు, అమ్మా అనే పిలిచేవాడు. అప్పుడు అడిగాడు. చెప్పాను. ఆయన మక్కా వైపు తిరిగి, చేతులెత్తి, ఆ పేరు పలికి నాకోసం వేడుకున్నాడు.